డెబ్బై సెంట్ల కప్ప

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. పెట్రోల్ బంకులో అరిచి అరిచి తయారైన గొంతే ఇది, ఇబ్బందేం లేదు.

మాస్టారు ఫోన్ చేసి, "అమ్మాయ్, ఆస్ట్రేలియా నుంచి వచ్చావట కదా, మన పిల్లలకి అక్కడి చదువుల గురించి, వీసాల గురించి నాలుగు మాటలు చెప్పకూడదూ" అన్నారు. వీసాల గురించి చెప్పడానికి మన బాపట్లలో వీధికో కన్సల్టెన్సీ ఉంది మాస్టారూ, నేను వేరే సంగతి చెబుతాను, అక్కడి ఆదివాసీ పిల్లలు జైళ్లలో ఎందుకు అంతమంది ఉన్నారో చెబుతాను అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, కానీ గంట దాటొద్దు" అన్నారు. (నవ్వులు) దాటను మాస్టారూ.

ఒక చాక్లెట్‌తో మొదలుపెడతాను. అక్కడ ఫ్రెడ్డో అని చిన్నపిల్లలు కొనుక్కునే చాక్లెట్ ఒకటి ఉంది, కప్ప ఆకారంలో ఉంటుంది. 2009లో దాని ఖరీదు 70 సెంట్లు, అంటే అప్పటి లెక్కలో మన ముప్ఫై రూపాయలు. ఆ ఏడాది పశ్చిమ ఆస్ట్రేలియాలో నార్తమ్ అనే ఊళ్లో పన్నెండేళ్ల అబొరిజినల్, అంటే అక్కడి ఆదివాసీ, పిల్లవాడి మీద ఆ కప్ప చాక్లెట్ కోసం పోలీసులు కేసు పెట్టారు. దొంగిలించాడని కూడా కాదండీ, స్నేహితుడెవరో సూపర్‌మార్కెట్లోంచి తెస్తే వీడు తీసుకున్నాడని, అంటే దొంగసొత్తు పుచ్చుకున్న కేసు. అంతకుముందు వాడి మీద ఒక్క శిక్ష కూడా లేదు. వాయిదా రోజున కోర్టుకి రాలేదని పట్టుకెళ్లి కొన్ని గంటలు లాకప్‌లో కూర్చోబెట్టారు. సంగతి పేపర్లకెక్కి దేశమంతా నవ్వాక కేసు వెనక్కి తీసుకున్నారు.

నవ్వాల్సిందే, నేను కూడా మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. కానీ కాస్త ఆలోచించండి. మీలో ఎంతమంది చిన్నప్పుడు స్నేహితుడు కొట్టుకొచ్చిన జామకాయ తినలేదు? మాస్టారూ, మీరు తిన్నారా లేదా? (నవ్వులు) మరి మన మీద కేసు ఎందుకు కాలేదంటే మనం మంచివాళ్లమని కాదు కదా, మనల్ని ఎవరూ ఆ కంటితో చూడలేదు, అంతే. ఇవాళ నేను చెప్పేదంతా ఆ కన్ను గురించే. అది పిల్లవాడి మీద ఎప్పుడు పడుతుంది, ఎలా పడుతుంది, ఒకసారి పడ్డాక ఎందుకు పోదు.

నా సంగతి ముందు చెప్పేస్తాను, లేకపోతే మీకు బడాయిగా అనిపిస్తుంది. మాది చీరాల వైపు. చిన్నప్పుడు బాపట్ల నుంచి చీరాలకి పాసింజర్ బండిలో వస్తుంటే స్టూవర్టుపురం స్టేషన్ వచ్చేసరికి పెట్టెలో అందరూ సామాన్లు దగ్గరకి లాక్కునేవాళ్లు. మా నాయనమ్మ అయితే మెడలో గొలుసు మీద చెయ్యేసి కూర్చునేది. ఆ స్టేషన్లో బుట్టలు పట్టుకుని ఎక్కిన నా ఈడు పిల్లకి చోటిచ్చేవాళ్లు కాదు. నాకు అప్పుడు అది తప్పనిపించలేదు, బండి కూత వేసినట్టు, గేటు పడినట్టు అదీ ఒక మామూలు సంగతే అనుకున్నాను.

తర్వాత చదువుకి ఆస్ట్రేలియా వెళ్లాను, చదువయ్యాక ఉత్తరాన ఒక ఊళ్లో పెట్రోల్ బంకులో చేరాను. ఊరి పేరు చెప్పను, చెబితే బంకు ఏదో తెలిసిపోతుంది, ఊళ్లో ఉన్నవి రెండే. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు దాకా డ్యూటీ. మొదటి రోజే మేనేజర్ చెప్పిన మాట ఒకటే: "ఆ పిల్లలు ముగ్గురు కంటే ఎక్కువమంది ఒకేసారి లోపలికి వస్తే నంబర్ ఇదిగో, ఫోన్ చెయ్యి." ఏ పిల్లలు అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఇద్దరికీ అర్థమైంది. స్టూవర్టుపురం నుంచి వేల కిలోమీటర్ల దూరం వెళ్లి, మా నాయనమ్మ గొలుసు మీద చెయ్యేసినట్టే నేనూ కౌంటర్ మీద చెయ్యేసి కూర్చున్నాను. ఫోన్ కూడా చేశాను, ఒకసారి కాదు. తెల్లపిల్లలు స్కూల్ వదిలాక ఏడెనిమిది మంది గుంపుగా వచ్చి ఐస్‌క్రీమ్ పెట్టె దగ్గర గోల చేస్తే ఎప్పుడైనా చేశానా అంటే, లేదు. ఒక్కసారి కూడా లేదు.

ఇప్పుడు కొన్ని అంకెలు చెబుతాను, ఎక్కువ కాదు. ఆస్ట్రేలియా జనాభాలో అబొరిజినల్ వాళ్లు, ఉత్తరాన సముద్రంలో ఉన్న టారెస్ స్ట్రెయిట్ దీవుల ఆదివాసులు కలిపి నాలుగు శాతం లోపే. పది నుంచి పదిహేడేళ్ల పిల్లల్ని మాత్రమే తీసుకుంటే ఆరేడు శాతం. 2023లో ఏదైనా ఒక రాత్రి దేశం మొత్తం మీద పిల్లల నిర్బంధ కేంద్రాల్లో పడుకున్నవాళ్లని లెక్కపెడితే ఎనిమిది వందల పైచిలుకు ఉన్నారు, పెద్ద సంఖ్య కాదు. కానీ అందులో 60 శాతానికి పైగా ఈ ఆరేడు శాతం ఇళ్ల పిల్లలే. మిగతా పిల్లలతో పోలిస్తే వీళ్లు లోపలికి వెళ్లే అవకాశం ఇరవై రెట్లకు పైన. నార్తర్న్ టెరిటరీ అని డార్విన్ ఉండే ప్రాంతం ఒకటుంది, అక్కడైతే దాదాపు లోపలున్నవాళ్లందరూ వీళ్లే.

ఇంకొక్కటి, ఇది నాకు మరీ ఆశ్చర్యం. ఆ లోపలున్న పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి పైగా ఇంకా శిక్షే పడలేదు. అంటే రిమాండ్. తప్పు చేశాడో లేదో కోర్టు ఇంకా తేల్చలేదు, పిల్లవాడు మాత్రం లోపలే ఉన్నాడు.

ఎందుకు? వాళ్లంతా దొంగలు కాబట్టి అని ఒక జవాబు ఉంది, అక్కడ టీవీలో రోజూ వినిపించే జవాబు అదే. ఆ జవాబు మనకి కొత్త కాదు. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు, 1911లో దాన్ని మన మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఎరుకల వాళ్లని తెచ్చి ఇక్కడ స్టూవర్టుపురంలో సెటిల్మెంట్ పెట్టి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చారు. స్టూవర్టు అంటే ఎవరో దేవుడో రాజో కాదు, మద్రాసు గవర్నరు కౌన్సిల్లో ఒక దొర. వేళకి హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా పొలిమేర దాటకూడదు. పుట్టిన బిడ్డ ఇంకా పాలు తాగుతుండగానే ప్రభుత్వం దృష్టిలో సగం దొంగ. అదే కాలంలో, అదే సామ్రాజ్యంలో, 1905లో పశ్చిమ ఆస్ట్రేలియా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఆ రాష్ట్రంలో పదహారేళ్ల లోపు ప్రతి అబొరిజినల్ బిడ్డకీ సంరక్షకుడు తల్లి కాదు, తండ్రి కాదు, చీఫ్ ప్రొటెక్టర్ అనే ఒక ఆఫీసరు. ఒక్క మనిషి అన్నమాట, అంతమంది పిల్లలకి! తల్లి ఒళ్లోంచి బిడ్డని ఎత్తుకెళ్లడానికి ఆయన కోర్టుకి కూడా వెళ్లక్కర్లేదు. అలా 1910 నుంచి 1970 దాకా ఎత్తుకెళ్లిన పిల్లల్ని 'స్టోలెన్ జెనరేషన్స్' అంటారు, దొంగిలించిన తరాలు. 1997లో దీని మీద వచ్చిన ప్రభుత్వ విచారణ నివేదిక, ప్రాంతాన్ని బట్టి పదిమందిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా ఇలా పోయారని చెప్పింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పాడు. దొంగలెవరో, దొంగసొత్తు ఎవరి దగ్గరుందో మీరే చూసుకోండి.

ఈ పాత కథకీ ఇవాళ్టి జైలుకీ ఏం సంబంధం అంటారా? 1987లో అబొరిజినల్ వాళ్ల కస్టడీ చావుల మీద ఒక రాయల్ కమిషన్, అంటే ప్రభుత్వం వేసే పెద్ద విచారణ సంఘం, వేశారు. 99 మంది చావుల్ని ఒక్కొక్కటీ తవ్వి 1991లో రిపోర్టు ఇచ్చింది. చనిపోయిన 99 మందిలో 43 మంది చిన్నప్పుడు ఇంటి నుంచి వేరు చేయబడ్డవాళ్లే. కమిషన్ 339 సిఫార్సులు చేసింది. అప్పుడు దేశంలో ఖైదీల్లో అబొరిజినల్ వాళ్లు ఏడుగురిలో ఒకరు. ఇవాళ ముగ్గురిలో ఒకరు దాటిపోయారు. సిఫార్సుల కాగితాలు బీరువాలో ఉన్నాయి.

బిడ్డల్ని తీసుకెళ్లడం ఆగిందా అంటే పేరు మారింది. ఇప్పుడు చైల్డ్ ప్రొటెక్షన్ అంటారు. నేను ఇందులో అన్నీ తప్పుబట్టను, నిజంగానే ఇంట్లో దెబ్బలు తినే పిల్లలు, తిండిలేని పిల్లలు ఉన్నారు, వాళ్లని ఎవరో ఒకరు కాపాడాలి. కానీ మిగతా పిల్లలకంటే పది రెట్ల దాకా ఎక్కువగా ఈ పిల్లల్నే తీసుకెళుతున్నారు. తీసుకెళ్లి కొందరిని జీతానికి పనిచేసే సిబ్బంది ఉండే హోముల్లో పెడతారు. అక్కడ జరిగేది చూడండి. మీ అబ్బాయి పద్నాలుగేళ్లవాడు కోపంలో కంచం విసిరికొట్టాడు, గోడకి తగిలి పగిలింది. మీరేం చేస్తారు? నాలుగు తిడతారు, మహా అయితే ఒకటి వేస్తారు, రాత్రికి మళ్లీ అన్నం పెడతారు. హోములో అదే కంచం పగిలితే డ్యూటీలో ఉన్నతను రిజిస్టర్లో రాయాలి, పోలీసులకి చెప్పాలి. ఆస్తి ధ్వంసం. మొదటి కేసు. వాడు ఏడుస్తూ గేటు దూకి అమ్మమ్మ ఇంటికి వెళ్లిపోతే కనబడటం లేదని మళ్లీ పోలీసులు. బెయిల్ షరతుల్లో రాత్రి ఏడు తర్వాత ఆ హోము దాటకూడదని రాసి ఉంటుంది కాబట్టి అది షరతు తప్పినట్టు. రెండో కేసు. ఇంకా ఎవరి జేబూ కొట్టలేదు వాడు.

బెయిల్ దగ్గర ఇంకొంచెం ఆగుతాను, ఎందుకంటే మనవాళ్లకి జైలంటే తీర్పు తర్వాత సంగతి అనుకోవడం అలవాటు. బెయిల్ కావాలంటే ఒక అడ్రసు ఉండాలి, రోజూ రాత్రి వాడు అక్కడే ఉంటాడని పూచీ ఉండాలి. వాళ్ల కుటుంబాలు మన పాత ఉమ్మడి కుటుంబాల్లాంటివి. ఈ వారం పెద్దమ్మ దగ్గర, వచ్చే వారం మేనమామ దగ్గర, ఎవరైనా చనిపోతే వందల కిలోమీటర్లు వెళ్లి రోజుల తరబడి అక్కడే. పెద్దవాళ్లని అందరినీ ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు, మనం పిన్నీ బాబాయ్ అన్నట్టు, రక్తసంబంధం ఉన్నా లేకున్నా. మనకి అది ఆప్యాయత. మేజిస్ట్రేటు ఫారంలో మాత్రం అది 'స్థిర నివాసం లేదు' అయిపోతుంది. పన్నెండు మంది ఉండే రెండు గదుల ఇంటికి పోలీసులు అర్ధరాత్రి ఒంటిగంటకి వచ్చి టార్చి వేసి పిల్లవాడు ఉన్నాడా అని చూస్తారు. పడుకున్న పసిపిల్లలు లేచి ఏడుస్తారు. నాలుగోసారి వచ్చేసరికి ఆ ఇంటి పెద్దావిడే, నాయనా ఇంకెక్కడికైనా వెళ్లు అంటుంది. ఆవిడని ఏమనగలం?

మన పోలీస్ స్టేషన్లలో కేడీ లిస్టు ఉంటుంది తెలుసు కదా. కేడీ అంటే తిట్టు అనుకుంటాం, అసలు అది 'నోన్ డిప్రెడేటర్' అనే ఇంగ్లీషు మాటకి పొట్టి రూపం, పోలీసుల పాత రికార్డు మాట. సిడ్నీ ఉండే న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో పోలీసుల దగ్గర అచ్చం అలాంటిదే ఒకటి నడిచింది, కాకపోతే కంప్యూటర్లో. ఇంకా నేరం చేయకపోయినా చేసే అవకాశం ఉందనిపించినవాళ్ల పేర్లు ఎక్కించి, దారిలో ఆపడం, వెతకడం, ఇంటికి వెళ్లి తలుపు కొట్టడం. అందులో పదేళ్ల పిల్లల పేర్లు కూడా ఉన్నాయి. పోలీసుల మీద నిఘా ఉంచే కమిషన్ ఒకటి ఆ పిల్లల జాబితా తీసి చూస్తే 70 శాతానికి పైగా అబొరిజినల్ పిల్లలుగా తేలారు. 2023లో పిల్లల మీద దాన్ని వాడటం ఆపేశారు. కానీ అప్పటికే పదేళ్లప్పుడు ఎక్కిన పిల్లలు పెద్దవాళ్లయిపోయారు కదా, వాళ్లని ఊళ్లో ప్రతి కానిస్టేబులూ పేరు పెట్టి పిలుస్తాడు.

(సభలోంచి ఒకరు: మరి వాళ్లు కోర్టులో చెప్పుకోవచ్చు కదా మేడం?)

మంచి ప్రశ్న. చెప్పుకోవాలంటే ముందు వినిపించాలి. నేను అక్షరాలా అంటున్నాను, చెవులు. మారుమూల అబొరిజినల్ ఊళ్లలో పసితనం నుంచీ చెవిలో చీము కారే జబ్బు విపరీతం, ఇరుకు ఇళ్లు, వైద్యం దూరం. దాంతో వినికిడి తగ్గుతుంది. పోలీసు అడిగితే పిల్లవాడు బదులు చెప్పడు, పొగరు అనుకుంటారు. రెండోది భాష. చాలామందికి ఇంగ్లీషు మూడో భాషో నాలుగో భాషో. పైగా, గట్టిగా అడిగేవాడికి 'ఎస్' అని చెప్పి గండం గడుపుకోవడం వాళ్లలో ఉన్న అలవాటు, భాషాశాస్త్రవేత్తలు దీని గురించి ఎంతో రాశారు. నువ్వు ఆ ఇంట్లోకి వెళ్లావా, ఎస్. నువ్వొక్కడివే వెళ్లావా, ఎస్. నీతో నలుగురున్నారా, ఎస్. అన్నిటికీ ఎస్. 1976లోనే నార్తర్న్ టెరిటరీ సుప్రీంకోర్టు, అబొరిజినల్ మనుషుల్ని ఇలా అవును కాదు ప్రశ్నలతో ఇరికించకూడదు, దుబాసీ ఉండాలి, పక్కన వాళ్లకి నమ్మకమున్న మనిషి ఉండాలి అని నియమాలు పెట్టింది.

మూడోది ఇంకా బాధ. పశ్చిమ ఆస్ట్రేలియాలో బ్యాంక్సియా హిల్ అనే నిర్బంధ కేంద్రంలో డాక్టర్లు 99 మంది పిల్లల్ని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. మూడోవంతు కంటే ఎక్కువమందికి, 36 శాతం, తల్లి కడుపులో ఉండగా తగిలిన మద్యం వల్ల మెదడు దెబ్బతిన్న జబ్బు ఉంది. పదిమందిలో తొమ్మిదిమందికి ఏదో ఒక రకంగా మెదడు పనితీరులో తీవ్రమైన లోపం ఉంది. వాళ్లలో చాలామందికి అప్పటిదాకా ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు. స్కూల్లో టీచరు అల్లరి అనుకున్నారు, కోర్టులో జడ్జి మొండితనం అనుకున్నారు. 'నీ బెయిల్ షరతులు ఇవి' అని ఏడు షరతులు చదివితే మూడోది వచ్చేసరికి మొదటిది మరిచిపోయే పిల్లవాడు అవి తప్పకుండా ఎలా ఉంటాడు?

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నాకు కష్టం. అక్కడ చాలా తెగల్లో చనిపోయినవాళ్ల పేరు పలకరు, కాబట్టి నేనూ పలకను. 1997లో నార్తర్న్ టెరిటరీ ఒక చట్టం తెచ్చింది, ఆస్తి నేరాలకి జడ్జి ఇష్టంతో పనిలేకుండా శిక్ష తప్పనిసరి. పదిహేను, పదహారేళ్ల పిల్లలకి కూడా, రెండోసారి దొరికితే కనీసం 28 రోజులు. గ్రూట్ ఐలాండ్ అనే దీవి నుంచి పదిహేనేళ్ల పిల్లవాడు, అమ్మానాన్న లేనివాడు, పెన్నులు, రంగుపెన్సిళ్లు లాంటి స్టేషనరీ సామాను దొంగిలించాడు. మొత్తం వంద డాలర్లు కూడా చేయదు. 28 రోజులు వేశారు. సముద్రం దాటించి, వాళ్లవాళ్లెవరూ లేని డార్విన్‌కి తెచ్చి పెట్టారు. 2000 ఫిబ్రవరిలో, ఇంకొద్ది రోజుల్లో విడుదల అనగా, గదిలో ఉరేసుకుని చనిపోయాడు.

(కాసేపు ఆగి) అదే కాలంలో అదే చట్టం కింద అదే దీవికి చెందిన ఇరవైల్లో ఉన్న ఇంకొకతనికి బిస్కెట్లు, షర్బత్ సీసా దొంగిలించినందుకు ఏడాది జైలు వేశారు. 2001లో ప్రభుత్వం మారాక ఆ చట్టం తీసేశారు.

ఆ పిల్లవాడు పోయిన చోటు పేరు డాన్ డేల్. పదహారేళ్ల తర్వాత, 2016 జూలైలో, ఒక టీవీ కార్యక్రమం డాన్ డేల్ లోపలి వీడియోలు బయటపెట్టింది. పిల్లల మీద టియర్ గ్యాస్ వదలడం, పదిహేడేళ్ల కుర్రాడి తలకి సంచి తొడిగి కుర్చీకి కట్టేసి గంటల కొద్దీ కూర్చోబెట్టడం. మర్నాడు పొద్దున్నే ప్రధానమంత్రి రాయల్ కమిషన్ ప్రకటించాడు. 2017 నవంబరులో రిపోర్టు వచ్చింది, డాన్ డేల్ మూసేయండి, నేరానికి బాధ్యుణ్ని చేసే వయసు పన్నెండుకి పెంచండి అని. మూయలేదు, ఏళ్ల తరబడి నడుపుతూనే వచ్చారు. అప్పటికే పిల్లల్ని మార్చిన చోటు ఏమిటో తెలుసా, పెద్దల కోసం కట్టి, పాతబడిపోయిందని ఖాళీ చేసిన జైలు. వయసు సంగతి అయితే నార్తర్న్ టెరిటరీలో 2023లో పన్నెండుకి పెంచారు, ఎన్నికలు వచ్చాయి, కొత్త ప్రభుత్వం 2024 అక్టోబరులో మళ్లీ పదికి దించేసింది. పదేళ్లంటే ఐదో తరగతి. ఐక్యరాజ్యసమితి కమిటీ కనీసం పద్నాలుగు ఉండాలంటోంది. మన దేశంలో పద్దెనిమిది నిండని పిల్లలు ముందు జువెనైల్ బోర్డు ముందుకే వెళతారు, మన దగ్గర చట్టం కాగితం మీదైనా అక్కడికంటే మెత్తగా ఉంది, ఇది నేను ఊహించలేదు.

క్వీన్స్‌లాండ్‌లో 2024 రాష్ట్ర ఎన్నికలు గెలిచిన పార్టీ నినాదమేమిటంటే, పెద్దల నేరం చేస్తే పెద్దల శిక్ష. డిసెంబరుకల్లా చట్టం చేసేశారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ నినాదానికి ఓటేసినవాళ్లందరూ రాక్షసులు కాదు. నేనున్న రెండేళ్లలో మా బంకు అద్దం రెండుసార్లు పగలగొట్టారు. మా వీధిలో ఉండే తెలుగు వాళ్ల కారు రాత్రిపూట ఎత్తుకుపోయి ఊరి బయట తగలబెట్టారు, వాళ్లింట్లో నెలల బిడ్డ ఉంది, ఆ అమ్మాయి తర్వాత చాలా రోజులు లైటు ఆర్పి పడుకోలేదు. ఆ భయం నిజం. ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి నేను 1905 చట్టం గురించి మాట్లాడితే చెప్పు తీసుకుని కొడుతుంది, కొట్టాలి కూడా. నేననేది ఒకటే, లోపల పెట్టినందువల్ల కారు దొంగతనాలు తగ్గాయా? లోపల పెట్టినవాడు బయటికొచ్చి మళ్లీ లోపలికే వెళుతున్నాడు. ఒక పిల్లవాణ్ని ఒక రోజు లోపల ఉంచడానికి అక్కడి ప్రభుత్వానికయ్యే ఖర్చు 2,800 డాలర్లకు పైన. మన డబ్బుల్లో రోజుకి లక్షన్నర. అంత ఖర్చు పెట్టి తయారుచేస్తున్నది ఏమిటి? ఇంకొంచెం పనితనం నేర్చిన కారు దొంగని. 2023 అక్టోబరులో పశ్చిమ ఆస్ట్రేలియాలో పెద్దల జైలు ఆవరణలో పిల్లల కోసం పెట్టిన ఒక యూనిట్‌లో పదహారేళ్ల అబొరిజినల్ అబ్బాయి గదిలో ఆత్మహత్యకి ప్రయత్నించి, తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ లక్షన్నరలో వాడి పక్కన ఒక మనిషి కూర్చునే ఖర్చు లేకపోయింది.

మరి ఏం చేస్తే పని జరుగుతుందో వాళ్లకి తెలియదా అంటే, తెలుసు. బర్క్ అని న్యూ సౌత్ వేల్స్‌లో లోపలికి ఉన్న చిన్న ఊరు, మూడు వేల జనాభా కూడా ఉండదు. 2013 ప్రాంతంలో అక్కడి అబొరిజినల్ పెద్దలు కూర్చుని, మన పిల్లల్ని లోపల పెట్టడానికి అయ్యే డబ్బు బయటే ఖర్చు పెట్టండి అని పట్టుబట్టారు. దానికి మరంగుకా అని పేరు పెట్టుకున్నారు, వాళ్ల భాషలో ఇతరుల్ని చూసుకోవడం అని అర్థం. రోజూ పొద్దున్న పోలీసులు, స్కూలు వాళ్లు, వీళ్లు కలిసి నిలబడి రాత్రి ఏం జరిగిందో మాట్లాడుకుంటారు, ఏ ఇంటికి ఎవరు వెళ్లాలో చూసుకుంటారు. వాళ్లు ముందు పట్టుకున్న విషయాల్లో ఒకటి ఏమిటో చెప్పండి? డ్రైవింగ్ లైసెన్స్! లైసెన్స్ తీసుకోవాలంటే బర్త్ సర్టిఫికెట్ ఉండాలి, పక్కన కూర్చుని 120 గంటలు నేర్పే లైసెన్సున్న పెద్దమనిషి ఉండాలి, కారుండాలి. బస్సుల్లేని ఊళ్లో ఇవేవీ లేని కుర్రాడు లైసెన్స్ లేకుండా నడుపుతాడు, దొరుకుతాడు, జరిమానా, అది కట్టలేక మళ్లీ కేసు. వీళ్లు కారు పెట్టి, నేర్పే మనిషిని పెట్టి, లైసెన్సులు ఇప్పించారు. 2017కల్లా పిల్లల మీద ఎక్కువగా పడే ఐదు రకాల కేసులు 38 శాతం తగ్గాయని ఒక ఆడిట్ సంస్థ లెక్కతేల్చింది. గృహహింస ఫిర్యాదులు 23 శాతం తగ్గాయి.

ఇంకొకటి మధ్య ఎడారిలో యూఎన్డుము అనే ఊరు. తొంభైల మొదట్లో అక్కడ పిల్లలు డబ్బాల్లో పెట్రోల్ పోసుకుని వాసన పీల్చి మతిపోయి తిరిగేవాళ్లు. 1994లో వార్ల్‌పిరి తెగ పెద్దవాళ్లు ఆ పిల్లల్ని కారెక్కించి నూట యాభై కిలోమీటర్ల దూరంలో మౌంట్ థియో అనే తమ సొంత భూమికి తీసుకెళ్లి ఉంచారు. అక్కడ పెట్రోల్ లేదు, పోలీసుల్లేరు. ముసలివాళ్లు, వేట, వంట, కథలు. కొన్నేళ్లకి ఆ ఊళ్లో పెట్రోల్ పీల్చడం ఆగిపోయింది. ఈ పనిని ముందుండి నడిపింది పెగ్గీ నంపిజిన్పా బ్రౌన్ అనే పెద్దావిడ, ప్రభుత్వం ఆవిడకి పతకం కూడా ఇచ్చింది. పతకం ఇవ్వడం తేలిక, ఇలాంటి వాటికి ఏటా నిధులివ్వడం కష్టం. విక్టోరియా రాష్ట్రంలో కూరీ కోర్టులు ఉన్నాయి, కూరీ అంటే అక్కడి అబొరిజినల్ వాళ్లు తమని తాము పిలుచుకునే పేరు, జడ్జి పైన ఎత్తులో కూర్చోడు, గుండ్రటి బల్ల చుట్టూ అందరూ ఒకే ఎత్తులో, పక్కన తెగ పెద్దలు. 'మీ తాత నాకు తెలుసురా' అని పెద్దాయన మొదలుపెడితే కుర్రాడు తల దించుకుంటాడట. తెల్ల జడ్జి ఎంత తిట్టినా తల దించనివాడు.

2017లో ఉలురు కొండ దగ్గర దేశంలోని ఆదివాసీ తెగల ప్రతినిధులు కలిసి ఒక ప్రకటన చేశారు, అందులో ఒక వాక్యం ఉంది: మేం పుట్టుకతో నేరస్థులం కాదు. నేను అది డార్విన్ లైబ్రరీలో చదివాను. అప్పటిదాకా ఇదంతా వాళ్ల కథ అనుకుంటున్నాను. ఆ వాక్యం చదవగానే పాసింజర్ బండి గుర్తొచ్చింది.

మాస్టారు గడియారం చూస్తున్నారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను.

(సభలోంచి ఒక విద్యార్థిని: మన దగ్గర ఇప్పుడు అలా లేదు కదా అక్కా, ఆ చట్టం తీసేశారు కదా?)

1952లో తీసేశారమ్మా. కానీ జైలు మాన్యువళ్లలో ఆ తెగల వాళ్లని అలవాటు నేరస్థులుగా చూసే రాతలు మొన్నటిదాకా ఉన్నాయి, 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు కొట్టేసింది. డెబ్బై రెండేళ్లు పట్టింది కాగితం మీది మాట చెరపడానికి. కాగితం మీద లేనిది నువ్వే చూసి చెప్పు, ఇవాళ సాయంత్రం చీరాల బండి ఎక్కు, ఆ స్టేషన్లో నీ పెట్టెలో కూర్చున్నవాళ్ల చేతులు ఎక్కడికి వెళతాయో చూడు.

(ఇంకొకరు: మీరు తర్వాత కూడా ఆ నంబర్‌కి ఫోన్ చేశారా?)

(నవ్వి) అడుగుతారని తెలుసు. మానేశాను, కానీ ఏదో గొప్ప జ్ఞానోదయం అయ్యి కాదు. ఒకరోజు ఒక పెద్దావిడ మనవణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఎనిమిదేళ్లుంటాయి వాడికి. నేను అంతకుముందు వారం ఫోన్ చేసిన గుంపులో చిన్నవాడు వీడే. నన్ను గుర్తుపట్టాడు. ఆవిడ వాడి చేతిలో చిల్లర పెట్టింది, వాడే లెక్కపెట్టి నాకిచ్చాడు, ఒక డాలరు చాక్లెట్, అదే కప్ప. తీసుకుని వెళ్లబోతుంటే ఆవిడ భుజం పట్టుకుని ఆపింది. 'బిల్లు అడుగు' అంది. వాడు చెయ్యి చాపాడు. ఒక డాలరుకి బిల్లెందుకమ్మా అన్నాను నేను, ఊరికే. 'వీడికి నేర్పుతున్నాను, ఏ కొట్టు నుంచి బయటికొచ్చినా బిల్లు చేతిలో పైకి కనబడేలా పట్టుకుని నడవాలి' అంది. బిల్లు నొక్కితే మెషీన్లో పేపర్ రోల్ అయిపోయింది. వెనక క్యూలో నలుగురున్నారు, ఫర్లేదు వెళ్లిపోండి అన్నాను. ఆవిడ కదల్లేదు. నేను లోపలికి వెళ్లి కొత్త రోల్ వెతికి తెచ్చి, బిగించి, బిల్లు చింపి వాడి చేతిలో పెట్టేదాకా వాడు ఆ చాక్లెట్ విప్పలేదు.